బరువు లేని చేతులు

"పెట్టె బల్ల మీంచి తియ్యి పండూ. అమ్మ ఎక్కడికీ రావడం లేదు."

"ఆ మాట అమ్మ చెప్పాలి అన్నయ్యా, నువ్వు కాదు."

"అమ్మ నోరు విప్పితే గొడవ ఇంతదాకా ఎందుకొస్తుంది? ఆదివారం నుంచి తలుపు మూసుకుని కూర్చుంది."

"అందుకే పెట్టె తెచ్చాను."

పండు పెట్టె తియ్యలేదు సరికదా, మూత కూడా తెరిచింది. భోజనాల బల్ల మీద ఖాళీ పెట్టె నోరు తెరుచుకుని కూర్చుంది. పక్కనే పొద్దుటి పళ్ళేలు. ఎవరూ ముట్టలేదు.

పండు అనేది చిన్నప్పటి ముద్దుపేరు. ఇప్పుడావిడ ఆడిట్ ఆఫీసులో పెద్ద అధికారి. ఆవిడ లోపలికి వస్తుంటే కుర్చీల్లో జారగిలబడ్డవాళ్ళు తమకు తెలియకుండానే నిటారుగా సర్దుకుంటారు. అయినా అన్నకి పండే, అమ్మకీ పండే. కోపం వస్తే ముక్కు కొస ఎర్రబడడం కూడా చిన్నప్పటి నుంచీ మారలేదు.

మాస్టర్ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ ముక్కునే చూస్తోంది.

మాస్టర్ అంటే ఈ ఇంటి కోడలు. డాన్సులు కూర్చేవాళ్ళని ఆడైనా మగైనా సినిమావాళ్ళు మాస్టర్ అనే పిలుస్తారు. సినిమా పాటలు చేసినా, యాడ్ ఫిల్ములు డైరెక్ట్ చేసినా, టిక్కెట్టు కొని ఎవరొస్తారో తెలియని స్టేజి ప్రయోగాలు చేసినా ఆవిడ మాస్టరే. భర్త, అంటే పండు అన్న, సినిమా ఎడిటర్. ఇంట్లో సరదాకి ఆమె అతన్ని "ఎడిటర్ గారూ" అనేది, అతను ఆమెను "మాస్టరూ" అని సాగదీసి పిలిచేవాడు. ఆదివారం నుంచి ఆ పిలుపు ఆగిపోయింది. మాట్లాడాల్సివస్తే గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

"వదినా, సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు," అంది పండు ఆమె వైపు తిరిగి. "ఆ యాడ్‌లో అమ్మాయి చేసింది మా అమ్మ చేసిందే గదా?"

"అవును."

"చేస్తుంటే నువ్వు చూశావు."

"చూశాను."

"తీసుకునేటప్పుడు అమ్మనడిగావా?"

"లేదు."

"సరే. మా నాన్న చొక్కా సబ్బు అమ్ముకోవడానికి పనికొచ్చిందన్నమాట. పోనీలే, దేనికో ఒకదానికి పనికొచ్చింది."

ఎడిటర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అతను కూడా నాలుగు మాటలు తిడితే బావుండునని ఆమెకు అనిపించింది. తిట్టేవాడు కనీసం మన వైపు చూస్తాడు.

జరిగింది ఇంతే.

మామయ్య పోయిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం, ఆయన విడిచిన చొక్కాలు అత్తయ్య తనే ఉతికి మేడ మీద దండేనికి ఆరేసింది. ఎండ తగ్గాక తియ్యడానికి వెళ్ళిన మనిషి ఎంతకీ దిగలేదు. ఏమైందో చూద్దామని మాస్టర్ మెట్లెక్కి, పైమెట్టు మీదే ఆగిపోయింది. క్లిప్పులకు వేలాడుతున్న చొక్కాకి అత్తయ్య గుండీలు పెడుతోంది. కింది నుంచి పైకి, తీరిగ్గా. మెడ గుండీ కూడా పెట్టాక, ఆ చొక్కా చేతులు రెండూ ఎత్తి తన భుజాల మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని అలా నిలబడింది. గాలికి చొక్కా పొట్ట ఉబ్బుతోంది, తగ్గుతోంది. తరవాత ఆ చేతులు దింపేసి, గుండీలు విప్పి, రోజూ మడత పెట్టినట్టే మడత పెట్టింది.

మాస్టర్ చప్పుడు చెయ్యకుండా దిగివచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మరిచిపోవడం మాత్రం ఆమె చేతిలో లేదు. మనుషులు ఎలా వంగుతారో, ఎలా తలుపు వేస్తారో, ఏడుపు ఆపుకుంటే ఏ భుజం ముందు కదులుతుందో గుర్తుంచుకోవడమే ఆమె విద్య. ఆ మధ్యాహ్నాన్ని ఆమె స్టేజి కోసం దాచుకుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మనుషులు చేసే పనులతో ఒక ప్రదర్శన కూరుస్తోంది, తీరిక దొరికినప్పుడల్లా. అందులో ఇది గుండెకాయ.

ఈలోగా సబ్బు యాడ్ వచ్చింది. షూటింగులో కంపెనీవాళ్ళకి ఏదీ నచ్చలేదు. గిర్రున తిరిగే గౌన్లు నచ్చలేదు, బురదలో గెంతే పిల్లలు నచ్చలేదు. వెలుగు తగ్గిపోతోంది. "గుండెకి తగిలేది ఏదైనా ఉంటే చూడండి మేడమ్," అన్నాడు కంపెనీ మనిషి వాచీ చూసుకుంటూ. ఆమె నోట్లోంచి మాట జారిపోయింది. "ఒక దండెం కట్టండి. మగవాళ్ళ చొక్కా ఒకటి తెండి."

ఆదివారం ఆ యాడ్ మొదటిసారి టీవీలో వస్తుందంటే పండు కూడా భోజనానికి వచ్చింది. ఎడిటర్ రిమోట్ తీసుకుని సౌండు పెంచాడు. అత్తయ్య మధ్య కుర్చీలో కూర్చుంది. యాడ్ అయిపోయింది. ఎవరూ ఏమీ అనకముందే ఆవిడ లేచి నిలబడి, "అది నేను," అంది. అని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అందరూ మాస్టర్ వైపు చూశారు. ఆమె తల ఎత్తలేకపోయింది.

"నాకైనా చెప్పి ఉండాల్సింది," అన్నాడు ఎడిటర్ ఇప్పుడు, కిటికీతోనే. "నా బల్ల మీదికే గదా వచ్చింది ఆ ఫిల్ము. కనీసం అప్పుడైనా చెప్పాల్సింది."

"చెబుదామనే అనుకున్నాను. నువ్వు..."

మాస్టర్ మధ్యలో ఆపేసింది.

"నేను?"

"ఏం లేదు."

పండు చేతిసంచీ భుజాన వేసుకుంది. "నాకు ఆఫీసుంది. సాయంత్రం కారు తీసుకుని వస్తాను. అమ్మ బట్టలు నువ్వు ముట్టుకోకు వదినా, నేనొచ్చి సర్దుకుంటాను." వెళ్తూ వెళ్తూ మూసి ఉన్న గది దగ్గర ఆగింది. "అమ్మా, సాయంత్రం వస్తాను," అంది తలుపుతో. తలుపు అవతల దగ్గు వినిపించింది. అంతే.

*

రిహార్సల్ హాలు మూతపడిన ఒక ప్రెస్సు పైఅంతస్తు. మిషన్లు ఎప్పుడో పోయాయి గాని నేలమీద సిరా మరకలు పోలేదు. డాన్సర్లు వాటినే గుర్తులుగా పెట్టుకుని నిలబడుతుంటారు.

శనివారం ప్రదర్శన. మాస్టర్ వచ్చేసరికి అందరూ కసరత్తు చేసి ఒళ్ళు వేడెక్కించుకుని ఉన్నారు. హాలుకి అడ్డంగా కట్టిన దండెం మీద తెల్ల చొక్కా వేలాడుతోంది. దాని కింద పొడుగమ్మాయి ఒంటికాలి మీద నిలబడి జుట్టు ముడివేసుకుంటోంది. యాడ్‌లో చేసిందీ ఆ అమ్మాయే.

మాస్టర్ సంచీ కింద పెట్టకుండానే చెప్పింది. "చొక్కా ముక్క తీసేస్తున్నాం."

పొడుగమ్మాయి ఎత్తిన కాలు దింపింది.

"అది తీసేస్తే మిగతాది ఎందుకు మాస్టర్?"

"మిగతాది బావుంది."

"బావుంది. కానీ అందరం దాని దగ్గరికే నడుస్తున్నాం కదా. అది లేకపోతే ఎక్కడికి నడుస్తున్నట్టు?"

పిల్ల మాటలో తప్పేమీ లేదు. అదే మాస్టర్‌కి చిరాకు తెప్పించింది. "చెప్పింది చెయ్యి," అనబోతుండగా ఫోను మోగింది. సినిమా కంపెనీ మేనేజరు. వచ్చేవారం షూటింగు జరిగే పాట గురించి.

"మాస్టర్, హీరోగారికి మోకాలు నొప్పండి. పాటంతా కూర్చుని చేస్తారట."

"పాటంతానా?"

"లేచే ఉద్దేశం లేదండి."

"అయితే మంచి కుర్చీ ఒకటి పంపించండి. స్టెప్పులు దానికి నేర్పుతాను."

డాన్సర్లు నవ్వారు. మాస్టర్ నవ్వలేదు. మామూలు రోజుల్లో అయితే ఈ మాట ఇంటికి మోసుకెళ్ళి ఎడిటర్‌కి చెప్పేది. అతను కుర్చీలో కూర్చునే ఆ హీరోలా భుజాలెగరేసి చూపించేవాడు. ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వేవాళ్ళు. ఇవాళ ఆ నవ్వు తీసుకెళ్ళడానికి చోటు లేదు.

"ఆవిడ వద్దన్నారా మాస్టర్?" అంది పొడుగమ్మాయి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి. ఇండస్ట్రీలో కబుర్లకి కాళ్ళెక్కువ. ఆదివారం సంగతి వీళ్ళ దాకా వచ్చేసినట్టుంది.

"ఆవిడనెవరూ అడగలేదు."

"యాడ్ షూటింగు అయిపోయాక నేను ఇంటికెళ్ళి మా అమ్మకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలీదు. ఏమీ చెప్పలేదు, ఊరికే వింటూ కూర్చున్నాను." కొంచెం ఆగి అంది. "అడగండి మాస్టర్. వద్దంటే నేనే ఆ చొక్కా మడతపెట్టి ఇచ్చేస్తాను."

మధ్యాహ్నం డాన్సర్లు భోజనాలకి దిగారు. హాల్లో ఫాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మాస్టర్ దండెం దగ్గరికి వెళ్ళింది. చొక్కా చేతులు రెండూ ఎత్తి భుజాల మీద వేసుకుంది. పొడుగమ్మాయికి నేర్పింది గాని, తను ఎప్పుడూ చేసి చూడలేదు.

మామయ్యనే తలుచుకోవాలనుకుంది. ఆయన గుర్తుకు రాలేదు. మెట్ల మీద కూర్చుని ఎదురుచూసే ఎడిటర్ గుర్తుకొచ్చాడు. ఈ ప్రెస్సు మెట్ల మీదే. పెళ్ళయిన కొత్తల్లో పని ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చేవాడు. ఆమె దిగుతుంటే లేచేవాడు కాదు. చెయ్యి పైకి చాపి, "మాస్టరూ, లేపు," అనేవాడు. ఎన్నాళ్ళయింది అలా లేపి? పోట్లాట మొదలయింది ఆదివారమే గాని, అతను మెట్ల మీదికి రావడం మానేసి చాలాకాలమైంది. పనులు పెరిగాయి. ఇద్దరూ ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో పనిచేసుకుంటూ, ఒకరి పనిని ఒకరు మెచ్చుకుంటూ, ఒకరినొకరు చూసుకోవడం మరిచిపోయారు.

చొక్కా చేతులు దింపేసి, ఆమె ఇంటికి బయలుదేరింది.

*

అత్తయ్య గది తలుపు మీద చెయ్యి వేయగానే తెరుచుకుంది. గడియ పెట్టి లేదు. ఆదివారం నుంచీ లేదట. ఎవరూ తోసి చూడలేదు.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది.

"రా. మంచం మీద కూర్చో. కరవనులే."

"అత్తయ్యా..."

"ముందు నన్ను చెప్పనీ. నేను మాట్లాడ్డం మానేశానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు గదా. మానెయ్యలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. తలుపు అవతల నుంచి 'అమ్మా భోజనం', 'అత్తయ్యా మాత్రలు'. వాటికేం చెప్పను? తిన్నాను, మింగాను."

మాస్టర్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెంటినీ ఆపుకుంది. "తప్పు చేశాను అత్తయ్యా. అడక్కుండా తీసుకున్నాను. అదీ సబ్బుకి."

"తీసుకున్నావు. నాకు కోపం వచ్చింది, రాలేదనను. ఆ సబ్బు కూడా మంచిది కాదు, చేతులు పగులుతాయి."

"స్టేజి మీద తీసేస్తున్నాను. ఇవాళే చెప్పేశాను."

"ఎవరు తియ్యమన్నారు?"

"మీరు బాధపడ్డారని..."

"పెట్టేటప్పుడు నన్నడగలేదు. తీసేటప్పుడూ అడగలేదు. బానే ఉంది వరస." అత్తయ్య గోళ్ళ కత్తెర కిటికీ గట్టు మీద పెట్టింది. "నువ్వు ఆరోజు మెట్ల మీద నిలబడ్డావని నాకు తెలుసు."

మాస్టర్ తలెత్తింది.

"నీ ఎడమ మోకాలు మెట్టెక్కితే టక్కుమంటుంది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగమంతా చెవులతో చేసినదాన్ని, ఆమాత్రం వినపడదా?"

"తెలిసీ ఆగలేదా?"

"ఆగలేదు. ఎవరో ఒకరు చూస్తే బావుండుననిపించింది." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం బయటికి తిప్పుకుంది. "ఆయన పోయాక వచ్చినవాళ్ళంతా ఓదార్చారు. ధైర్యంగా ఉండమన్నారు. పండు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, అబ్బాయి కొత్త పరుపు కొన్నాడు. అందరూ ఏదో ఒకటి చేశారు. నన్ను చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఆయన చేతులు భలే బరువుండేవి," అంది అత్తయ్య. "పొయ్యి దగ్గర ఉంటే వెనక నుంచి వచ్చి భుజాల మీద పడేసేవారు. 'తియ్యండి, మాడిపోతుంది' అని విసుక్కునేదాన్ని. ఎన్నిసార్లు తియ్యమన్నానో. చొక్కా చేతులకి బరువే లేదమ్మాయ్. తియ్యమనడానికి కూడా ఏమీ లేదు."

మాస్టర్ మంచం దిగి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"మరి ఆదివారం ఎందుకలా లేచి వెళ్ళిపోయారు?" అని అడిగింది. "నా మీద కోపం ఒక్కటే అయితే నన్ను తిట్టేవారు. మీరు తిట్టగలరు."

"తిట్టగలను," అంది అత్తయ్య. "ఆ పాట వల్ల లేచాను."

"ఏ పాట?"

"యాడ్‌లో వచ్చిందే, వేణువు. అది నాకు కొత్త కాదు. వాడి గదిలోంచి రోజుల తరబడి వినపడింది. ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ మొదటి నుంచి. పక్కగదిలో నేను కూడా కూనిరాగం తీసేదాన్ని. వాడి కంప్యూటరు తెర గోడ వైపు తిరిగి ఉంటుంది గదా, ఏ ఫిల్ము కోసి అతుకుతున్నాడో నాకు కనపడలేదు. ఒకరోజు టీ తీసుకెళ్ళాను. కప్పు నా చేతిలోంచి అందుకున్నాడు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. 'అమ్మా, ఈ ముక్క భలే వచ్చింది, మాస్టర్ ఎక్కడ పట్టిందో గాని' అన్నాడు."

మాస్టర్ మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"ఆదివారం టీవీలో ఆ వేణువు మొదలవగానే, ఓహో వాడు కోసింది ఇదేనా అనుకున్నాను. తరవాత బొమ్మ వచ్చింది." అత్తయ్య తన అరచేతులు తనే చూసుకుంది. "నువ్వు ఒక్కసారి చూశావు, అదీ దొంగచాటుగా. ఏదీ వదల్లేదు. నా గుండీల తీరు, నా మడత తీరు చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు, తిప్పి తిప్పి చూశాడు. అంతా చూసి, అది వాళ్ళమ్మ అని తెలుసుకోలేకపోయాడు. నేను టీ పట్టుకుని ఎదురుగానే నిలబడినా కూడా."

"నేనూ ఎదురుచూశాను అత్తయ్యా," అంది మాస్టర్ మెల్లగా. "ఫిల్ము మీ అబ్బాయి చేతికిచ్చి, గుర్తుపడతాడేమోనని ఎదురుచూశాను. గుర్తుపట్టి నన్ను నిలదీస్తాడనుకున్నాను. ఏమీ అనకపోతే హమ్మయ్య అనుకున్నాను. తరవాత మాత్రం భయమేసింది."

"ఎందుకు?"

"నన్నూ అలాగే చూస్తున్నాడేమోనని."

అత్తయ్య ఆమె తల మీద చెయ్యి వేసింది. ముదిరిన వేళ్ళు, కొత్తగా తీసిన గోళ్ళు. కాసేపు అలాగే ఉంచింది.

"వాడికి చెప్పకు," అంది.

"ఎలా చెప్పకుండా ఉండను? ఇప్పుడు తప్పంతా నాదేనని..."

"తప్పు నీదే కదా కొంత. ఆ కొంతకి ఇంకొంచెం కలిపి మొయ్యి. నువ్వు చెబితే వాడు బాధపడతాడు, వచ్చి నా కాళ్ళు పట్టుకుంటాడు, మంచి డాక్టరు కోసం వెతుకుతాడు. అప్పుడు కూడా నన్ను చూడడు. పండుతో వెళ్తాను కొన్నాళ్ళు."

"ఎన్నాళ్ళు?"

"వాడికి నన్ను చూడాలనిపించేదాకా."

"మరి స్టేజి మీద ఆ ముక్క?"

"ఉంచు," అంది అత్తయ్య. "సబ్బు మాత్రం తీసెయ్."

*

చీకటి పడకముందే పండు వచ్చింది. అమ్మ ఎదురొచ్చి, "పెట్టె తీసుకురా, సర్దుదాం," అనేసరికి పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషి ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు తాగింది.

ఎడిటర్ పెట్టె మోసుకెళ్ళి కారులో పెట్టాడు. డిక్కీ మూసి, దాని మీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు.

"ఉండొచ్చు గదమ్మా."

"పండు దగ్గర ఉండి చాలా రోజులైందిరా."

"నీ కోడలి మీద కోపంతోనేనా?"

అత్తయ్య కారు తలుపు దగ్గర ఆగింది. కొడుకు ముఖంలోకి చూసింది. అతను మాత్రం అమ్మ భుజం మీంచి వెనక గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూస్తున్నాడు. ఆవిడ అది గమనించింది. గమనించిందని మాస్టర్ కూడా గమనించింది.

"దాన్నే అడుగు," అని కారెక్కింది అత్తయ్య.

కారు మలుపు తిరిగింది. ఎడిటర్ ఏమీ అనకుండా లోపలికొచ్చి తన గదిలో కూర్చున్నాడు. కంప్యూటరు ఆన్ చెయ్యలేదు. నల్లటి తెర ముందు ఊరికే కూర్చున్నాడు. మాస్టర్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. అతను వెళ్ళిపొమ్మనలేదు, లోపలికి రమ్మనలేదు.

"మాస్టర్," అన్నాడు కాసేపటికి.

సాగదియ్యలేదు. అయినా ఆ పిలుపు వినేసరికి ఆమె గడప దాటింది. నాలుగడుగులు వేస్తే అతని భుజం అందుతుంది. ఎంత దగ్గరో.

"అమ్మ నీతో అంతసేపు ఏం మాట్లాడింది?"

"కోపం వచ్చిందంది. నా మీద."

"అంతేనా?"

"అంతే కాదు."

"మరి?"

ఒక్క మాట చాలు. ఆ మాట అనేస్తే అతని కోపం చల్లారిపోతుంది, కళ్ళు దించుకుంటాడు, దగ్గరికొచ్చి తన భుజం మీద తల పెడతాడు. ఆ తల బరువు కోసం ఆమె భుజం ఆదివారం నుంచీ, బహుశా అంతకు చాలా ముందు నుంచీ ఎదురుచూస్తోంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"అది నేను చెప్పేది కాదు," అంది.

"ఇంకెవరు చెబుతారు? ఆవిడ చెప్పదు, నువ్వు చెప్పవు. నేనేం చెయ్యను?"

"శనివారం ప్రదర్శనకి అమ్మని పిలు. నువ్వే తీసుకురా. పక్కన కూర్చో."

"ఆ చొక్కాది ఉంటుందా?"

"ఉంటుంది. అత్తయ్య ఉంచమన్నారు."

అతను ఆశ్చర్యంగా చూశాడు. చాలా రోజుల తరవాత అతని చూపు నేరుగా ఆమె ముఖం మీద ఆగింది.

"అది మొదలైనప్పుడు నువ్వు స్టేజి వైపు చూడకు," అంది ఆమె. "అమ్మని చూడు."

"ఎందుకు?"

"చూడు," అంది మళ్ళీ. అతను నల్లటి తెర వైపు తిరిగాడు. అందులో ఏం కనిపించిందో తెలియదు. చాలాసేపటికి జేబులోంచి ఫోను తీశాడు.

పండు ఫోనులో మాట్లాడితే పక్కగదికి కూడా వినపడుతుంది. అవతల కారు హారన్లు, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్కు.

"చెప్పన్నయ్యా."

"అమ్మకివ్వు. శనివారం ప్రదర్శనకి తీసుకెళ్దామని. నేనొచ్చి తీసుకెళ్తాను."

అవతల గుసగుసలు. అత్తయ్య గొంతు, పండు గొంతు, మళ్ళీ అత్తయ్య గొంతు.

"అన్నయ్యా, అమ్మ ఫోను తీసుకోనంటోంది. ఒక మాట మాత్రం అడగమంటోంది."

"ఏమిటి?"

"వదిన చెబితే పిలుస్తున్నావా, నీకే పిలవాలనిపించిందా అని."

ఎడిటర్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని భార్య వైపు చూశాడు. ఏం చెప్పమంటావు అని అడుగుతున్న చూపది. చిన్నపిల్లాడు పరీక్షలో పక్కవాడి వైపు చూసినట్టు. ఆమె తల ఒక్క అంగుళం ఆడిస్తే చాలు, అతను సరైన జవాబు చెప్పేస్తాడు. అందంగా చెబుతాడు కూడా.

ఆమె తల ఆడించలేదు. వెనక్కి తిరిగి, గది బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

హాల్లో దీపం వెయ్యలేదు. గోడకి వీపు ఆనించి నిలబడింది. తలుపు సందులోంచి పండు గొంతు వినిపిస్తూనే ఉంది.

"అన్నయ్యా, ఉన్నావా? వినపడుతోందా?"

అతను ఉన్నాడు. ఊపిరి తీసుకోవడం కూడా ఆమెకు వినపడుతోంది. మాట మాత్రం ఇంకా రాలేదు.